గాలిమొక్క ప్రక్కన మొలచినదేమి?

గత సంవత్సరము వేసవి సెలవుల తరువాత పాఠశాల తెరచిన వారముననే మా విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక చిన్న వివాదము పుట్టెను. ఆ గది కిటికీకి రెండు గాలిమొక్కలు వ్రేలాడుచుండెడివి. అంతకు ముందు జనవరి నెలలో బెంగుళూరు లాల్‌బాగు పుష్పప్రదర్శనము చూచి వచ్చిన ఒక పూర్వవిద్యార్థి వానిని కొనితెచ్చి పాఠశాలకు బహూకరించెను. ఒక్కొక్కటి పిడికిలిలో ఇముడునంతటిది. మన్ను లేదు, కుండీ లేదు. వానిలో ఒకదాని ప్రక్కను, క్రింది ఆకుల సందున, ఏదో క్రొత్తది మొలచియుండెను. అది బియ్యపుగింజకంటె కొంచెము పెద్దది, లేత ఆకుపచ్చనిది, కొన సూదివలె వాడిగానున్నది.

అది యేమి? గణితోపాధ్యాయులు మొక్కకు చీడ సోకినదనిరి. ఎనిమిదవ తరగతి బాలురు మొగ్గ అనిరి. తోటపనియు చూచుకొను మా ముసలి బంట్రోతు దూరమునుండి చూచియే, "బదనిక పట్టిండాది అయ్యవారూ, పెరికేయండి" అనెను. మామిడిచెట్లకు బదనిక పట్టి కొమ్మలు క్షీణించుట మా హోసూరు ప్రాంతపు రైతులందరకు తెలిసిన సంగతియే గనుక ఆ మాట నాకు సబబుగా తోచెను. రెండు వ్రేళ్ళతో పట్టి దానిని పెరికివేసితిని. అప్పుడు వెనుకవరుసలో నిలిచియున్న ఏడవ తరగతి బాలిక ఒకతె, "సార్, అది బదనిక కాదు, పిలక. మా అరిటిచెట్లకు ఇట్లే వస్తాది" అనెను. ఆమె చెప్పునప్పటికే అది నా అరచేతిలో నుండెను.

ఆ బాలిక చెప్పినదే నిజము. ఒక మొక్కపై క్రొత్తగా పుట్టినదానిని ఎట్లు గుర్తింపవలెనో తెలిసికొనకుండ చేయిచేసికొనుటవలన కలిగిన నష్టమును తలచుకొనియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఈ మొక్కలు ఇప్పుడు పట్టణములలోని అనేక గృహములలో, అంగళ్ళలో కానవచ్చుచున్నవి. వానిని పెంచువారికి నా తప్పు ఉపయోగపడవచ్చును.

మొదట పేరు సంగతి చెప్పవలెను. ఇంగ్లీషు పుస్తకములలో ఒకే పేరుతో రెండు వేర్వేరు మొక్కలను పిలుచుట కలదు. మన పెరళ్ళలోని రణపాలకు కూడ ఆ భాషలో "ఎయిర్ ప్లాంట్" అను పేరున్నది. రణపాల ఆకును త్రుంచి పుస్తకములో పెట్టినను, గోడకు తగిలించినను, దాని అంచుల నొక్కులలోనుండి పిల్లమొక్కలు పుట్టును. గాలిలోనే మొలకెత్తినది గనుక దానికి ఆ పేరు వచ్చెను. కాని యిచ్చట చెప్పుచున్నది రణపాల కాదు. ఇది టిలాండ్సియా అను అమెరికా ఖండపు మొక్క. మా కిటికీలోని జాతి టిలాండ్సియా అయొనాంథా. మెక్సికోలోను మధ్య అమెరికాలోను చెట్ల కొమ్మలపై పెరుగునది. రణపాలను మరల కొంతసేపటికి తలచుకొనవలసి వచ్చును గనుక పాఠకులు దానిని పూర్తిగా మరువకుందురు గాక.

టిలాండ్సియా ప్రజాతిలో ఆరువందలకు పైగా జాతులున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయభాగము మొదలు దక్షిణమున అర్జెంటీనా, చిలీ దేశముల వరకు ఇవి వ్యాపించియున్నవి. ఈ పేరు పెట్టినవాడు స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు. 17వ శతాబ్దమున ఫిన్లాండులోని టుర్కు నగరములో వైద్యశాస్త్రాచార్యుడుగా నుండిన ఎలియాస్ టిల్లాంజ్ పేరిట పెట్టెను. టిల్లాంజ్ యౌవనములో ఒకమారు ఓడప్రయాణమున విపరీతముగా బాధపడి, తిరుగుప్రయాణమున సముద్రము జోలికి పోక, ఉత్తరమున లాప్లాండు మీదుగా చుట్టి నేలమార్గముననే ఇల్లు చేరెననియు, 'నేలమీదుగా' అని అర్థమిచ్చు ఆ పేరును అందువలననే తాల్చెననియు లిన్నేయసు చెప్పిన కథ. నీరు గిట్టని మనుష్యుని పేరు నీరు గిట్టని మొక్కకు తగియున్నదని ఆయన తలచెను. కథ వినోదకరమైనదే గాని మొక్క విషయమున ఆయన పొరబడెను. ఈ మొక్కకు నీరు కావలెను. "గాలి తిని బ్రతుకును, నీరు పోయనక్కరలేదు" అని చెప్పి అమ్మువారు నేటికిని ఉన్నారు. ఆ మాట నమ్మినవారి యిండ్లలో ఇవి కొన్ని నెలలలో ఎండిపోవుచున్నవి.

నీటిని ఇవి వేళ్ళతో గాక ఆకులతో త్రాగును. ఆకుపై బూడిద చల్లినట్లు కనబడు తెల్లదనము దుమ్ము కాదు; అవి సన్నని పొలుసులు. భూతద్దముతో చూచినచో ఒక్కొక్కటి చిన్న గొడుగువలె నుండును. వానచినుకో, మంచుబిందువో పడగానే ఆ పొలుసు నీటిని ఆకులోనికి లాగుకొనును. ఆరినప్పుడు ముడుచుకొని, లోపలి తేమ బయటికి పోకుండ మూతవలె నుండును; ఎండను కొంత వెనుకకు త్రిప్పివేయును. కావుననే పొడిగా నున్నప్పుడు వెండివలె కనబడిన మొక్క నీటిలో ముంచగానే పచ్చబడును. ఈ రంగు మార్పును పిల్లలకు చూపుట సులభము, వారు దానిని ఎన్నిసార్లైనను చూడగోరుదురు. క్రింద చెప్పబోవు ఒక పరీక్షకు కూడ ఇది అక్కరకు వచ్చును.

బంట్రోతు చెప్పిన బదనిక మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. రెండును చెట్టుపై మన్ను లేకుండ బ్రతుకునవే. కాని బదనిక తన వేరును మామిడి కొమ్మ లోపలికి చొప్పించి, ఆ చెట్టు నేలనుండి తెచ్చుకొన్న నీటిని, లవణములను దొంగిలించును. దాని గింజకు బంకవంటి గుజ్జుండును. పండు తిన్న చిన్న పిట్టల ద్వారా అది మరియొక కొమ్మకు అంటుకొనును. టిలాండ్సియా అట్లుకాదు. దాని వేరు బెరడును పట్టుకొనును గాని లోపలికి పోదు. చెట్టు దానికి కూర్చుండుటకు పీట మాత్రమే. చెట్టుకు బదులు రాయి దొరకినను, ఎండిన కొయ్య దొరకినను, కిటికీ కమ్మీ దొరకినను దానికొకటే. పరుల యింట బస చేసినవాడు, పరుల సొమ్ము తినువాడు ఒక్కటి కారు గదా! ఇక ఆ గాలిమొక్కమీదనే బదనిక మొలచుననుట సంభవించునది కాదు. లోపలికి వేరు దించి బ్రతుకుటకు బదనికకు కొయ్యగల కొమ్మ కావలెను.

వివాదము జరిగిన మరునాడు ఒక బాలుడు తన అన్న చేతిఫోనుతో ఆ మొక్కను చిత్రము తీయించెను. మొక్కల పేర్లు చెప్పు ఏర్పాటు ఆ ఫోనులో నున్నదట. అది "అనాస" అని జవాబు చెప్పెను. పిల్లలు పకపక నవ్విరి. కాని ఆ జవాబు తప్పైనను దారి తప్పినది కాదు. గాలిమొక్కయు అనాసయు ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబమును బ్రొమీలియేసి అందురు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిన అనాసను మనము బాగుగా నెరుగుదుము గనుక, దానిని చూచి దీనిని గ్రహింపవచ్చును. అనాసమొక్క నడుమనుండి ఒకే కాడ లేచి, దానిపై పండు కాయును. మొదట్లో ఆకుల పంగలనుండి పిలకలు పుట్టును. పండు క్రింద కాడపై మరికొన్ని చిన్న పిల్లలు పుట్టును. పండు నెత్తిన ఆకుల కిరీట ముండును. నాటినచో ఇవన్నియు మొక్కలగును. కాని కాచిన ఆకుల గుత్తి మరల కాయదు. అరటియు అంతే: గెల వేసిన చెట్టు మరల వేయదు, దాని ప్రక్క పిలక దాని స్థానమునకు వచ్చును. ఏడవ తరగతి బాలిక చెప్పిన పోలిక శాస్త్రసమ్మతమైన పోలిక. పాఠ్యపుస్తకము నుండి గాక ఇంటివెనుక దొడ్డినుండి, ఇంట మాటలాడు తెలుగునుండి ఆమెకు ఆ మాట దొరకెను.

గాలిమొక్కపై క్రొత్తగా కనబడునది అయిదారు రకములలో ఏదో ఒకటి యగును. ఇది యేమి అని అడుగుటకు ముందు, ఇది ఎచ్చటనుండి పుట్టినది అని చూడవలెను.

అన్నిటికంటె క్రింద, మొదలు నుండి, ఆకు లేక సన్నని తీగవలె వచ్చునది వేరు. మొదట లేతగానుండి క్రమముగా గోధుమవన్నె తిరిగి గట్టిపడును. ఏదైన తగిలినచో అంటుకొనును, లేనిచో గాలిలో వంకరగా నిలిచియుండును. మొక్క దీనితో త్రాగదు గనుక కత్తిరించినను చావదు. అయినను కత్తిరింపవలసిన పని లేదు. కొయ్యపై కట్టిన మొక్కకు వేరు వచ్చినదనగా అది అచ్చట స్థిరపడుచున్నదని అర్థము. బెంగుళూరు నర్సరీలలో తెరవలె వ్రేలాడదీసిన 'స్పానిష్ మాస్' అను బూడిదవన్నె నూలువంటి మొక్క కూడ టిలాండ్సియాయే. పెరిగిన పిమ్మట దానికి ఈ వేళ్ళు కూడ ఉండవు.

ఆకుల సందున తెల్లగా దూదివలె కనబడునది మొక్క పెరుగుదల కాకపోవచ్చును. అది పిండినల్లి కావచ్చును. పొలుసుల తెల్లదనమునకు దీనికి భేదము తెలియుటకు పైని చెప్పిన నీటి పరీక్ష చాలును. నీటిలో ముంచగా కనబడకుండ పోయి ఆకుపచ్చ తేలినచో అది మొక్క సొంత పొలుసు. తడిసినను తెల్లగానే నిలిచి, తడిదూదితో తుడువగా ఊడివచ్చినచో అది పిండినల్లి. గోధుమరంగు చిన్న బొడిపెవలె అంటుకొనియుండి, గోటితో గీరగా లేచివచ్చునది పొలుసుపురుగు. పురుగును చిగురనుకొని ముద్దుచేసినవారును, నావలె చిగురును చీడయనుకొని పెరికినవారును సమానముగానే ఉందురని తోచుచున్నది. మొదలు నల్లబడి మెత్తనై, ఆకు లాగగానే ఊడివచ్చుచున్నచో అది పెరుగుదల కానే కాదు, కుళ్ళు.

ఇక ముఖ్యమైనవి రెండు: పువ్వు, పిలక. తడబాటంతయు ఈ రెంటి నడుమనే.

పువ్వు నడుమనుండి వచ్చును. మొక్క పెరుగుమొన ఆకుల గుత్తికి సరిగా మధ్యను ఉండును. అది అంతవరకు ఒకదాని వెనుక ఒకటిగా ఆకులనే పుట్టించును. మొక్కకు తగిన వయస్సు వచ్చినప్పుడు ఆ మొనయే పూలవెన్నుగా మారును. అనేక జాతులలో ఈ వెన్ను అల్లిన జడవలె ఒకదానిపై ఒకటి కప్పుకొన్న రంగురేకులతో పైకి లేచును. టిలాండ్సియా స్ట్రిక్టా అను జాతిలో ఆ రేకులు గులాబివన్నెతో వారములకొలది నిలుచును. వానినే జనులు పూవనుకొందురు. అసలు పువ్వులు వాని సందున నీలముగా విచ్చి త్వరలోనే వాడిపోవును. మా అయొనాంథాలో వెన్ను పైకి రాదు, ఆకులలోనే దాగియుండును. దానికి బదులు లోపలి ఆకులు ఎఱ్ఱబారును. మా మొదటి మొక్క ఏప్రిలులో ఇట్లు ఎఱ్ఱబారినప్పుడు ఎండదెబ్బ యనుకొని దానిని నీడకు మార్చితిమి! కొలది దినములకు ఊదావన్నె గొట్టములవంటి పువ్వులు మూడు లేచెను. వాని కొనలయందు పసుపుపచ్చని పుప్పొడితిత్తులు బయటికి వచ్చియుండెను. 'అయొనాంథా' అనగా ఊదాపువ్వు కలదనియే అర్థము. పరీక్షల తొందరలో పిల్లలలో సగముమంది ఆ పువ్వును చూడనేలేదు.

పిలక ప్రక్కనుండి వచ్చును. ఆకు పంగలలో నిద్రించుచున్న మొగ్గలు సామాన్యముగ పూత సమయమునో, పూత తీరిన పిమ్మటనో మేల్కొనును. మధ్యమొన పువ్వుగా ముగిసిపోయినది గనుక ఇక ఆ గుత్తికి క్రొత్త ఆకులు రావు. ఆ మొక్క చేయగల మిగిలిన పెరుగుదలయంతయు ఈ ప్రక్క మొగ్గలదే. పిలక మొదట వాడికొనతో ఒకే ముల్లువలె ఉండును. కావుననే చూచువారు మొగ్గయనియు, చీడయనియు తలచుట. రెండుమూడు వారములు ఓపికపట్టినచో ఆ ముల్లు విడి రెండు ఆకులగును, పిదప నాలుగగును, తల్లిని చిన్నదిగా గీసినట్లు కనబడును. వెన్ను అట్లు ఆకుల గుత్తిగా విడదు.

అన్ని జాతులును ఈ నియమమునకు లోబడవు. కొన్నిటిలో పిలక వాడిన వెన్ను ప్రక్కనే, దాదాపు నడుమనే లేచును. అప్పుడు తల్లియే మరల చిగిర్చినట్లు భ్రమ కలుగును. జాగ్రత్తగా ఆకులు విడదీసి చూచినచో ఎండిన వెన్నుమొదలు ఒక ప్రక్కకు తొలగియుండుట కనబడును. కొన్ని పెద్ద జాతులలో లేతవయస్సుననే మొదలుచుట్టు గడ్డివలె సన్నని పిల్లలు గుంపుగా పుట్టును. కలుపుగడ్డియనుకొని వానిని పీకివేయుదురు. మరికొన్నిటిలో అనాసకువలె పూలకాడపైననే పిల్లలు పుట్టును.

పువ్వు ఫలించినచో కాయ కనబడును. అది సన్నగా పొడవుగా నుండి, పండుటకు నెలలు పట్టును. ఎండి మూడు చీలికలుగా విచ్చుకొనును. లోపలి గింజకు జిల్లేడు గింజకువలె తెల్లని నూగు కుచ్చుండును. గాలిలో తేలిపోయి ఏదో బెరడు గరుకునకు చిక్కుకొనుటకే ఆ కుచ్చు. గింజనుండి పుట్టిన మొక్క పూతకు రావలెనన్న ఏండ్లు పట్టును గనుక గృహములలో వీనిని పెంచువారు పిలకనే నమ్ముకొందురు.

నేను పెరికినదాని విలువ ఇప్పుడు పాఠకులకు బోధపడియుండును. పూత ముగిసిన తల్లికి అది ఏకైక పిలక. దానిని మేజాపై ఉంచి నీరు చల్లితిమి గాని, అంత లేతదానికి నీటిని నిలుపుకొను శక్తి లేకపోయెను; నాలుగు దినములలో ఎండెను. తల్లికి మరియొక పిలక రాలేదు. పూర్తిగా నా చేతి దోషమే యనుటయు న్యాయము కాదు. పూత సమయమున ఆ మొక్క కొయ్యనుండి జారిపడగా, పాత విద్యుత్తీగలోని రాగితీగను తీసి దానితో బిగించి కట్టితిమి. ఈ కుటుంబపు మొక్కలకు రాగి విషము. ఆ సంగతి తెలిసి తీగను విప్పివేయునప్పటికి క్రింది ఆకులు గోధుమరంగు తిరిగియుండెను. డిసెంబరు నాటికి మొక్క చచ్చెను.

రెండవదాని సంగతి వేరు. అది ఆగస్టులో ఎఱ్ఱబారెను. ఈసారి దానిని కదల్పలేదు. పూలు వచ్చెను, పోయెను. అక్టోబరు మొదటివారమున దాని మొదట రెండు ముండ్లు కనబడెను. వానిని కనిపెట్టియుండు బాధ్యతను ఆ ఏడవ తరగతి బాలికకే అప్పగించితిని. స్కేలుతో కొలిచినచో మొక్కకు తగులునని ఆమె ఒక దారమును పిలక ప్రక్క నిలిపి, గోటితో గుర్తుపట్టి, ఆ దారమును స్కేలుపై పరచి కొలుచుచున్నది. ప్రతి సోమవారము ఆ సంఖ్య గోడమీది కాగితములో ఎక్కుచున్నది.

ఆ దినములలో మరియొక పొరపాటు జరుగవలసి తప్పిపోయెను. సాయంకాలము ఇంటికి పోవునప్పుడు పిల్లలు మొక్కకు నీరు చల్లి పోవుచుండిరి. ఎండ తగ్గినప్పుడు నీరు పోయుట తోటపనిలో మంచి అలవాటే. ఈ మొక్కకు మాత్రము అది తగదు. ఏల తగదో చెప్పుటకు రణపాలను పిలువవలసియున్నది.

పూర్వము తూర్పుగోదావరి మండలమున చేరియుండిన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి వృక్షశాస్త్రపు తోట యొకటి యుండెడిది. అచ్చట తెలుగుదేశపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు పండితుడు 1793లో కలకత్తా తోటకు వెళ్ళగా, అతని స్థానమున బెంజమిను హైనే అను జర్మనుడు నియమింపబడెను. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట లాల్‌బాగు తోటయు కొంతకాల మీయన ఆధీనమున నుండెను. అనగా, మన గాలిమొక్కలు వచ్చిన ఊరితోను, తెలుగుసీమతోను కూడ సంబంధము గలవాడు. ఈయన రణపాల ఆకును నమలి చూచి యొక వింత కనిపెట్టెను. తెల్లవారి ఆ ఆకు చాల పుల్లగానుండును. మధ్యాహ్నమునకు పులుపు పోయి చప్పనగును. సాయంకాలమునకు కొంచెము చేదు తిరుగును. ఈ సంగతిని ఆయన ఇంగ్లండులోని మిత్రునకు జాబు వ్రాయగా అది 1815లో లండను లిన్నేయను సంఘమువారి సంచికలో అచ్చయ్యెను.

ఆ పులుపునకు కారణము చాలకాలమునకు గాని పూర్తిగా తేలలేదు. సామాన్యమైన మొక్కలు పగటివేళ ఆకురంధ్రములు తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని, ఎండ సాయమున ఆహారము చేసికొనును. అట్లు రంధ్రములు తెరచినప్పుడు నీరు ఆవిరియై పోవును. నీటి కరవు గల చోట్ల పెరుగు మొక్కలు కొన్ని యుపాయాంతరము పన్నినవి. పగలు తలుపులు మూసికొనును. రాత్రి చల్లబడిన పిమ్మట తెరచి, వాయువును లోనికి తీసికొని, మాలిక్ ఆమ్లముగా మార్చి దాచుకొనును. తెల్లవారినంతనే తలుపులు మూసి, దాచినదానిని ఎండలో వాడుకొనును. రాత్రి నిలువయైన ఆమ్లమే హైనే నాలుకకు తగిలిన పులుపు. టిలాండ్సియాలలో తెల్లని పొలుసు గల ఎండసహించు జాతులును ఈ పద్ధతినే అనుసరించును. ఒకే ఇంగ్లీషు పేరు గల రెండు మొక్కలకు, బంధుత్వమేమియు లేకున్నను, ఈ గుణము మాత్రము ఉమ్మడిగా నున్నది.

కావున రాత్రి గాలిమొక్కకు ఊపిరివేళ. ఆకు తడిసియున్నచో పొలుసులపై నీటిపొర నిలిచి గాలిని అడ్డగించును. ఆకుల సందున నిలిచిన నీరు రాత్రి చల్లదనములో ఆరక కుళ్ళు పుట్టించును. పిలకలున్న మొక్కలో ఆ సందులు ఇంకను ఇరుకు. అందుచేత మేము వారమున కొకమారు ఉదయము ప్రార్థన కాగానే మొక్కను అరగంటసేపు నీటిలో ముంచి, తలక్రిందుగా పట్టి విదిల్చి, గాలి తగులుచోట ఉంచుచున్నాము. మధ్యాహ్నభోజనపు గంటకు అది పూర్తిగా ఆరిపోవును. ఎండకాలమున నడుమ ఇంకొకమారు ముంచవలసియుండును.

హైనేవలె రణపాలను నమలి చూడవలెనని కొందరు బాలురు ఉత్సాహపడిరి. ఆ మొక్కలో పశువులకు హానిచేయు పదార్థములున్నవి గనుక దానికి నేను ఒప్పుకొనలేదు. ప్రయోగశాలలోని పి.హెచ్. కాగితము చాలును. ఒకే మొక్కనుండి ఉదయము ఎనిమిది గంటలకు ఒక ఆకు, మధ్యాహ్నము మూడు గంటలకు ఒక ఆకు కోసి, నలిపి, రసమును కాగితమున కద్దగా రెండు రంగులు వచ్చెను. ఉదయపుది ఎక్కువ ఎఱ్ఱన. ఆ రెండు కాగితములను నోటుపుస్తకములో అంటించి తేదీ వేసినారు. ఎండగా నుండు దినముననే ఈ పరీక్ష బాగుగా తేలును. మబ్బు పట్టిన దినమున భేదము తక్కువ.

పిలకను తల్లినుండి ఎప్పుడు వేరుచేయవలెనని పలువురు అడుగుచున్నారు. అది తల్లిలో మూడవవంతు కావలెను. సగమైనచో ఇంకను మంచిది. అప్పుడు మొదట పట్టి మెల్లగా ప్రక్కకు త్రిప్పినచో దానంతట అది వీడును. వీడనిచో బలము చేయరాదు, సమయము కాలేదన్నమాట. అసలు వేరుచేయకున్నను తప్పులేదు. తల్లి క్రమముగా ఎండిపోవుచుండగా పిలకలు ఒకదానినొకటి అంటియుండి గుత్తియై, ఏండ్లు గడచినకొలది బంతివలె పెరుగును. అట్టి బంతి ఒక్కమారుగా పూచినప్పుడు చూడదగియుండునని చెప్పుదురు. నా అభిప్రాయమున వేరుచేయకుండుటయే మేలు. కాని పాఠశాలలో ఆ నిర్ణయము నా యొక్కనిది కాదు. రెండు పిలకలలో ఒకటి తమకు కావలెనని ఎనిమిదవ తరగతివారు ఇదివరకే అర్జీ పెట్టియున్నారు.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి తల్లి పొడవు 6 సెంటీమీటర్లు. పెద్దపిలక 2 సెంటీమీటర్లను దాటినది. చిన్నది అంతకు కొంచెము వెనుకబడియున్నది. తల్లి వెలుపలి ఆకులు మూడు కొనలవద్ద ఎండినవి. బంట్రోతు ప్రతిదినము కిటికీ తుడుచునప్పుడు వానిని చూచుచున్నాడు. బదనిక అను మాట మానెను. నేను పెరికిన మొదటి పిలక ఎండిన రూపమున, చిన్న గాజుసీసాలో, అలమారలో రెండవ అరపై నున్నది. దానిపై చీటీ వ్రాసినది ఆ బాలికయే. "గాలిమొక్క పిలక. జూను నెల. తల్లి: మొదటి మొక్క" అని మాత్రమే అందులో నున్నది, ఎవరు పెరికినదియు ఆమె వ్రాయలేదు.